వాద్యముయొక్క జ్ఞాపకము, దానిని నిలుపు బాటరీ

మన పాఠశాల సంగీతపు గదిలో ముదురు గోధుమవన్నె గల యొక పొడుగైన వాద్యము కలదు. ప్రతి ఉదయము ప్రార్థనయందు దాని స్వరమును విద్యార్థులందరును వినుచున్నారు గాని దాని లోపల నేమున్నదో చూచినవారు కొద్దిమందియే. దాని పేరు యమహా డి.ఎక్స్.7. అది 1983వ సంవత్సరమున జపాను దేశమునుండి వెలువడిన రకము. 61 మెట్లును, వానిపై ఆకుపచ్చని చిన్న మీటల వరుసలును గల యీ వాద్యము తనలో 32 ధ్వనులను జ్ఞాపకముంచుకొనును. ఆ 32లో తొమ్మిదింటిని, కొన్ని సంవత్సరముల క్రిందట ప్రభువునందు నిద్రించిన మన పూర్వ సంగీతోపాధ్యాయులు స్వయముగా కూర్చిరి. కీర్తనలకు హార్మోనియమును బోలిన ధ్వని యొకటి, క్రిస్మసు దినములకు దేవాలయపు గంటవంటిది యొకటి, చిన్న పిల్లల పాటలకు మెత్తని పిల్లనగ్రోవివంటిది యొకటి, మరి యారు. ఆయన వాని నెక్కడను కాగితముపై వ్రాసియుంచలేదు. అవి యా వాద్యపు కడుపులోనే యున్నవి.

ఈ సంవత్సరము వేసవి సెలవుల అనంతరము వాద్యముయొక్క చిన్న తెరపై బాటరీ బలమును చూడగా 2.6 వోల్టులని తేలినది. క్రొత్త బాటరీకి 3 వోల్టులకు పైగా నుండవలెను. బలమింకను తగ్గినచో ఆ 32 ధ్వనులును ఒక్కమారుగా పోవును. కావున మేము చేయించిన పనిని, దానికి గల కారణములను ఈ వ్యాసమునందు వివరించుచున్నాము. ఇట్టి పాత వాద్యములు మన జిల్లాలోని దేవాలయములలోను, పెండ్లి మేళములవారి యిండ్లలోను ఇంకను కొన్ని కలవు గనుక ఈ సంగతి మన గోడల వెలుపలివారికిని పనికివచ్చును.

మొదట జ్ఞాపకమన నేమో తెలిసికొందము. ఎలక్ట్రానిక్ యంత్రములలో జ్ఞాపకము రెండు విధములు. ఒకటి రాతిపై చెక్కిన శాసనమువంటిది. విద్యుత్తున్నను లేకున్నను అది చెడదు. మన వాద్యము ఏ మీట నొక్కిన నేమి చేయవలెనో తెలుపు ఆజ్ఞలన్నియు అట్టి చిప్పులలో నున్నవి. రెండవది వరిమడిలోని నీటివంటిది. ఎప్పటికప్పుడు కాలువనుండి కొంచెము కొంచెముగా నీరు వచ్చుచుండినంతవరకే మడి పచ్చగా నుండును. కాలువ కట్టినయెడల ఎండును. మనము మార్చి వ్రాసికొనదగిన ధ్వనులు ఈ రెండవ విధమైన జ్ఞాపకములో నుండును. దానిలోని ప్రతి చిన్న గడియు ఒకటో, సున్నయో అను రెండు స్థితులలో నొకదానిని పట్టుకొని నిలుచును. పట్టుకొనుటకు దానికి నిరంతరము విద్యుత్తు కావలెను. వాద్యమును వాయించునప్పుడు గోడలోని విద్యుత్తు దానికి చాలును. మీట ఆర్పి, గుడ్డ కప్పి, మనమింటికి పోయిన పిమ్మట దానికి ఆధారమెవరు? లోపలి బోర్డుమీద నున్న రూపాయి బిళ్ళంత బాటరీయే.

ఆ బిళ్ళ పేరు సి.ఆర్. 2032. ఈ పేరు నూరక పెట్టినది కాదు. మొదటి అక్షరము దాని రసాయనమును, అనగా లిథియమును, మాంగనీసు డయాక్సైడును తెలుపును. రెండవది గుండ్రని ఆకారమును తెలుపును. 20 అనగా అడ్డుకొలత 20 మిల్లీమీటర్లు. 32 అనగా మందము 3.2 మిల్లీమీటర్లు. విద్యార్థులు కొలబద్దతో కొలిచి చూడవచ్చును. టార్చిలైటులోని ఘటము 1.5 వోల్టు లిచ్చుచుండగా ఇది ఒంటరిగానే 3 వోల్టు లిచ్చును. లిథియము తన ఎలక్ట్రానును మిక్కిలి సులభముగా విడుచు లోహము గనుక ఇంత బలము గలిగినది. మన కంప్యూటరు గదిలోని యంత్రములలోను ఇదే బిళ్ళ యున్నది. కంప్యూటరు తెరిచినప్పుడు తేదీ ఎన్నో సంవత్సరములు వెనుకకు పోయి కనబడినచో, అది గడియారపు దోషము కాదు, ఈ బిళ్ళ చచ్చినదని గుర్తు.

ఇక లెక్క. ఇట్టి బిళ్ళలో సుమారు 220 మిల్లీ ఆంపియరు-గంటల విద్యుత్తు నిలువయుండును. జ్ఞాపకపు చిప్పులు నిద్రలో నుండగా త్రాగునది మిక్కిలి స్వల్పము. లెక్క కొరకు 2 మైక్రో ఆంపియర్లనుకొందము. 220 మిల్లీ ఆంపియరు-గంటలనగా 2,20,000 మైక్రో ఆంపియరు-గంటలు. దానిని 2తో భాగించిన 1,10,000 గంటలు. సంవత్సరమునకు 8,760 గంటలు గనుక సుమారు పండ్రెండున్నర సంవత్సరములు. పదవ తరగతివారు ప్రవాహము 1 మైక్రో ఆంపియరైనను, 4 అయినను ఆయువెంత యగునో తామే కట్టి చూడవచ్చును. అయితే ఈ లెక్క కాగితముమీది లెక్క. మన ప్రాంతపు ఎండ కాగితమును లెక్కచేయదు. రామగుండమునందు వేసవిలో 45 డిగ్రీలు దాటుట అరుదు కాదు. చొప్పదండి దానికి తీసిపోదు. వేడిమి హెచ్చినకొలది బాటరీ లోపల తనంతట తాను క్షీణించుటయు హెచ్చును. రేకుల కప్పు క్రింద మూసిన గదిలో మే నెలంతయు పడియుండు వాద్యమునకు పండ్రెండేండ్లు నమ్మరాదు. ఎనిమిది తొమ్మిది సంవత్సరములకు మార్చుట క్షేమమని మా అభిప్రాయము.

జ్ఞాపకపు చిప్పు సుమారు 2 వోల్టులవరకు వ్రాతను పట్టుకొనగలదు. మధ్యలో విద్యుత్తు నొకే దిక్కునకు పోనిచ్చు డయోడను చిన్న భాగము కొంత వోల్టేజిని తాను మ్రింగును. కనుక బిళ్ళ 2.6కు దిగినదనగా నూతి నీరు తాడు కొసకు దిగినట్లే. ఆ డయోడు ఎందులకని యొక విద్యార్థిని మమ్ము ప్రశ్నించినది. ప్రశ్న మంచిది. వాద్యము గోడ విద్యుత్తుమీద నడచునప్పుడు ఆ విద్యుత్తు వెనుకకు పోయి బిళ్ళలోనికి ఎక్కకుండుటకే అది యున్నది. ఈ బిళ్ళ తిరిగి నింపదగినది కాదు. బలవంతముగా నింపినచో ఉబ్బి పగులవచ్చును.

బాటరీ మార్చుటకు పావుగంట చాలును. కాని తీసిన క్షణముననే జ్ఞాపకము పోవును. అందుచేత మొదటి పని స్క్రూడ్రైవరు తీయుట కాదు, ఉన్నదానిని మరియొక చోటికి ఎత్తి వ్రాసికొనుట. కొందరు వాద్యమును వెలిగించియుంచియే బాటరీ మార్చినచో జ్ఞాపకము నిలుచునని చెప్పుదురు. నిలుచును గాని గోడలోని 230 వోల్టులు లోపల ఆడుచుండగా లోహపు పనిముట్టు చేతబట్టుట ప్రాణముతోడి చెలగాటము. మేము దానిని ఎన్నడు నంగీకరింపము.

ఎత్తి వ్రాసికొనుటకు రెండు మార్గములున్నవి. ఒకటి మిడి అను తీగె మార్గము. వేర్వేరు కంపెనీల వాద్యములు ఒకదానితో నొకటి మాటలాడుటకై 1983లో ఏర్పడిన ఉమ్మడి భాష యిది. అమెరికాకు చెందిన డేవ్ స్మిత్, జపానుకు చెందిన ఇకుతారో కాకెహాషి అనువారు దీనికి ముఖ్యులు. 2013లో ఆ యిరువురకును గ్రామీ సంస్థవారి సాంకేతిక బహుమాన మొసగబడెను. ఈ తీగెలో సెకనునకు 31,250 బిట్లు ప్రవహించును. ఒక బైటునకు ముందువెనుకల గుర్తులతో కూడ 10 బిట్లు పట్టును గనుక సెకనునకు 3,125 బైట్లు. మన వాద్యములోని 32 ధ్వనులు కలిసి, తల తోకలతో సహా, 4,104 బైట్లు. భాగించి చూడగా సుమారు 1.3 సెకన్లు. ఒక ఉపాధ్యాయుని ఎన్నో సాయంకాలముల శ్రమ ఒకటిన్నర సెకనైనను పట్టకుండ తీగె దాటి కంప్యూటరులోనికి వచ్చుట చూచి పిల్లలు నవ్విరి. మాకు మాత్రము నవ్వు రాలేదు.

ఇందులో నొక చిక్కున్నది. ఈ వాద్యమును వెలిగించిన వెంటనే అది ఇట్టి సమాచారమును పంపుటకు గాని పుచ్చుకొనుటకు గాని ఒప్పుకొనదు. ఫంక్షన్ అను మీట నొక్కి, మిడికి సంబంధించిన చోటికి పోయి, సమాచారము అందుబాటులో నున్నదని తెరపై వచ్చునట్లు మార్చిన తరువాతనే అది యొప్పుకొనును. ఈ సంగతి తెలియక తీగె చెడినదని పారవేసినవారున్నారు.

రెండవ మార్గము పెన్సిలు, కాగితము. ఒక్కొక్క ధ్వనికి 145 అంకెలు, పది అక్షరములకు మించని పేరు. ఆ 145 అంకెలును వాద్యపు తెరపై ఒక్కటొక్కటిగా కనబడును. మన ఉపాధ్యాయులు కూర్చిన తొమ్మిది ధ్వనులకు 1,305 అంకెలైనవి. కంప్యూటరులో నొక ప్రతి యుండగా చేతివ్రాత ఎందులకని కొందరడిగిరి. కంప్యూటరులోని ప్రతికిని ఆయువున్నది. అదిగాక చేతితో వ్రాసినవానికి ధ్వని ఎట్లు కట్టబడినదో అర్థమగును. తొమ్మిదవ, పదవ తరగతుల విద్యార్థులు ముగ్గురేసి జట్లుగా కూర్చుండి మధ్యాహ్నపు విరామములలో ఈ పని చేసిరి. ఒకరు చదువుట, ఒకరు వ్రాయుట, ఒకరు సరిచూచుట. నాలుగు దినములు పట్టినది.

ఇక్కడ ధ్వని కట్టుబడిని గూర్చి కొంచెము చెప్పక తీరదు. అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున జాన్ చౌనింగ్ అను సంగీతకారుడు 1967లో ఒక విచిత్రమును కనుగొనెను. ఒక స్వరపు కంపనమును మరియొక స్వరము వేగముగా ఊగించినచో క్రొత్త ధ్వనులు పుట్టును. ఆ పద్ధతిని యమహా కంపెనీవారు అనుమతి పొంది యీ వాద్యములో నమర్చిరి. ఇందు ప్రతి ధ్వనికిని ఆరు కంపన జనకములున్నవి. ఊగించు స్వరమునకు, ఊగు స్వరమునకు గల నిష్పత్తి 1, 2, 3 వంటి పూర్ణాంకమైనచో పిల్లనగ్రోవి, హార్మోనియమువంటి శ్రుతిగల నాదము వచ్చును. పూర్ణాంకము కానిచో గంటవంటి లోహనాదము వచ్చును. మన దేవాలయపు గంట ధ్వనిలో ఆ నిష్పత్తి 3.50. అది రెండు అంకెలుగా నుండును. స్థూలము 2, సూక్ష్మము 75. ఒక జట్టువారు 75ను 57గా వ్రాసికొనిరి. వ్రాసినదానిని వాద్యములో నెక్కించి పరీక్షింపగా 3.50కి బదులు 3.14 అయి, గంటకు మారుగా పగిలిన మూకుడుమీద గరిటెతో కొట్టినట్లు మ్రోగినది. సరిచూచువాడు అప్పుడే దోషమును పట్టుకొనెను. నిష్పత్తుల పాఠము ఎందులకు పనికివచ్చునని గణితపు గంటలో నడుగువారు ఆ దినమున మారు మాటాడలేదు.

ప్రతులు సిద్ధమైన పిదపనే వాద్యమును విప్పుట. దీనికై కరీంనగరమునుండి రేడియోలు బాగుచేయు నొక అనుభవశాలిని పిలిపించితిమి. సోల్డరింగు ఇనుము పట్టుట పిల్లల పని కాదు. మొదట గోడనుండి తీగెను ఊడదీయవలెను. మీట ఆర్పిన చాలదు. కొంతసేపు ఆగవలెను, లోపలి కెపాసిటర్లలో నిలిచిన విద్యుత్తు దిగవలెను. స్క్రూలన్నియు ఒకే పొడవువి కావు. ఏది ఎచ్చటినుండి తీసినదో కాగితముపై వాద్యపు బొమ్మ గీసి, ఆయా చోట్ల గ్రుచ్చియుంచినచో తిరిగి బిగించునప్పుడు తడబాటుండదు. పై మూతను పెట్టె మూతవలె ఎత్తవచ్చును. దానినుండి క్రిందికి పోవు సన్నని తీగెల కట్టలను లాగరాదు. బోర్డును తాకకముందు లోహపు చట్రమును తాకి ఒంటిమీది స్థిర విద్యుత్తును వదలించుకొనవలెను.

పాత బిళ్ళ బోర్డునకు రెండు రేకులతో అతికింపబడి యున్నది. కర్మాగారమున అట్లే చేసిరి. ఇట్లు అతికించుట మాకు నచ్చలేదు. పది పండ్రెండేండ్లకు తప్పక చచ్చుదానిని శాశ్వతముగా అతికించుట ఎందులకు? మన మిత్రుడు రేకుల అతుకులను కరిగించి బిళ్ళను తీసి, దాని స్థానమున అదే కొలతగల బాటరీ గూడును అతికించెను. వేడి ఇనుమును బిళ్ళకే తగిలించి అతికించుట కూడదు. లిథియపు ఘటము వేడికి పగులవచ్చును. గూటిని ముందు అతికించి, అది చల్లారిన పిమ్మటనే బిళ్ళ నుంచవలెను. అక్షరములు చెక్కియున్న వెడల్పైన ముఖమే ధన ధ్రువము. బోర్డుమీది కూడిక గుర్తుతో దానిని సరిపోల్చవలెను. తలక్రిందులుగా నుంచిన జ్ఞాపకము నిలువదు. పాత బిళ్ళను విడిగా మల్టీమీటరుతో కొలువగా తెర చూపిన సంఖ్యకు దగ్గరగానే యుండెను. క్రొత్తది 3.2 చూపెను.

ఇక్కడ కొనుగోలునుగూర్చి యొక మాట. గడియారముల దుకాణములలో ఈ బిళ్ళ దొరకును. ఖరీదు ఒక కాపీ పుస్తకపు ఖరీదుకంటె హెచ్చు కాదు. కాని పేరులేని చౌకబిళ్ళలు అట్టమీద పరుచుకొని అమ్ముదురు. గోడ గడియారమునకైన చెల్లునేమో, ఇట్టి పనికి చెల్లవు. పేరున్న కంపెనీది, కాలపరిమితి ముద్రించియున్నది కొనవలెను.

వాద్యమును మూసి వెలిగింపగా తెరపై అర్థము లేని గుర్తులు కనబడెను. ధ్వనుల పేర్లకు బదులు చెత్త. ఒకటి రెండు మెట్లు నొక్కగా కీచుమని అరచెను. చుట్టు మూగిన పిల్లల ముఖములు వెలవెలబోయినవి. ఇది ఎదురుచూచినదే. కాలువ కట్టగా ఎండిన మడిలో గడ్డి మొలిచినట్లు, విద్యుత్తు పోయి వచ్చిన జ్ఞాపకములో ఏవో అంకెలు పడియుండును. మొదట జ్ఞాపక రక్షణయను మీటను తీసివేయవలెను. వెలిగించినప్పుడెల్ల అది తనంతట తానే రక్షణలో నుండును. తీయకున్నచో క్రొత్తదేదియు లోపలికి పోదు. పిదప మిడికి సంబంధించిన అనుమతిని మరల ఇచ్చి, కంప్యూటరునుండి ఆ 4,104 బైట్లను వెనుకకు పంపితిమి. పేర్లన్నియు వచ్చినవి. మొదట పరీక్షించినది గంట ధ్వని. చేతివ్రాత పుస్తకముతో దాని అంకెలను మరియొకమారు సరిచూచితిమి.

మీటను ఆర్పి, తీగె నూడదీసి, రాత్రియంతయు నుంచి మరునాడు వెలిగించి చూచినప్పుడే పని పూర్తియైనదని చెప్పవచ్చును. వెంటనే బాగున్నదని సంతోషించుట తొందరపాటు, ఏలయన గూటిలో బిళ్ళ సరిగా తగులకున్నను ఆ క్షణమున తెలియదు.

అన్ని వాద్యములకును ఈ పద్ధతి చెల్లదు. 1981లో వచ్చిన కోర్గ్ పాలీసిక్స్ అను వాద్యములో తిరిగి నింపదగిన నికెలు-కాడ్మియము బాటరీ యున్నది. అది ముదిసిన తరువాత క్షారము కార్చి చుట్టునున్న రాగి దారులను తినివేయును. జ్ఞాపకము మాత్రమే గాక బోర్డే పోవును. అట్టిది ఎవరివద్దనైన నున్నచో నేడే తెరచి చూడవలెను. కోర్గ్ వారి పాలీ-800లో సాధారణ టార్చి ఘటములే ఆరు జ్ఞాపకమును నిలుపును. వాద్యము నడిపించునవియు అవే. వానిని తీసి మరచిపోయిన ఇట్టి గతియే. రోలండ్ వారి జూనో-106లో మన బిళ్ళయే యున్నది. ఇటీవలి కీబోర్డులలో జ్ఞాపకము విద్యుత్తు లేకున్నను నిలుచు చిప్పులలో నుండును గనుక వాని యజమానులకు ఈ వ్యాసముతో పనిలేదు. జపానులో అమ్మబడిన వాద్యములు 100 వోల్టులకే తగినవని వెనుక అంటించిన చీటి చెప్పును. వానిని మన 230 వోల్టులకు నేరుగా తగిలించుట వాని ప్రాణము తీయుటయే. సెకండ్‌హాండు సరుకు కొనువారు మొదట ఆ చీటి చదువవలెను.

1980 దశకమున తెలుగు చలనచిత్రముల పాటలు అధికముగా మద్రాసులోనే ముద్రింపబడుచుండెను. రాజ్-కోటిగార్ల బృందమున కీబోర్డు వాయించిన దిలీపు అను యువకుడే తరువాత ఏ.ఆర్. రెహమాన్‌గా ప్రసిద్ధుడయ్యెను. ఆ కాలపు వాద్యకారులు ఇట్టి యంత్రములలో తమ చెవికి నచ్చినట్లు ధ్వనులను దిద్దుకొని, పేర్లు పెట్టుకొని దాచుకొనుచుండిరి. పాటలు టేపుపై మిగిలినవి. ధ్వనులు మాత్రము బాటరీ ఉన్నంతవరకే. ఎవరింటనైన అటకమీద గుడ్డ కప్పి అట్టి వాద్యముండినయెడల, అమ్మివేయుటకు ముందు, బాగుచేయుటకు ఇచ్చుటకు ముందు, దానిలో నేమున్నదో వినవలెనని మా మనవి. బాగుచేయువారు బాటరీ తీయుటకు ముందు అడుగరు. అడుగవలసినది మనమే.

తలిదండ్రులకు ప్రత్యేకముగా నొక సంగతి తెలుపవలసియున్నది. ఈ బిళ్ళను చిన్నపిల్లలు మ్రింగినచో మిక్కిలి అపాయము. అన్నవాహికలో చిక్కుకొని అక్కడి తడిలో విద్యుత్తు నడిపి క్షారమును పుట్టించి, రెండు గంటలలోనే కండరమును కాల్చివేయగలదు. బయటికి పోవునని వేచియుండక తక్షణమే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. తీసివేసిన పాత బిళ్ళలను గూడ జేబులో వేసికొనుట, పొయ్యిలో పడవేయుట కూడదు. వాని రెండు ముఖములకును టేపు అంటించి, బాటరీలు సేకరించు చోట నీయవలెను. 2022 నాటి నియమములు ఈ భారమును ముఖ్యముగా తయారుదార్లపై నుంచినవి గాని, మన చేతినుండి వారి చేతికి చేర్చువారము మనమే.

మన వాద్యపు పాత బిళ్ళను టేపు చుట్టి సైన్సు గదిలో ఎత్తయిన బీరువాలో నుంచితిమి. వచ్చు మారు కరీంనగరము పోవువారు దానిని తీసికొనిపోవుదురు. 1,305 అంకెల చేతివ్రాత పుస్తకము గ్రంథాలయములో నొకటి, ప్రధానోపాధ్యాయులవారి గదిలో నొకటి యున్నవి. కంప్యూటరు ప్రతి మూడు చోట్ల నున్నది. బాటరీ మార్చిన తేదీ, ఆ దినపు వోల్టేజి, మరల చూడవలసిన సంవత్సరము వ్రాసిన చీటి వాద్యపు మూత లోపలి వైపున అంటింపబడినది. ప్రతి జూను మాసమున, పాఠశాల తెరచిన మొదటి వారములో, తొమ్మిదవ తరగతివారు తెరపై ఆ సంఖ్యను చూచి చీటి క్రింద వ్రాయుదురు.